మీరు ఆమెకు ఏమవుతారు?

2019 జనవరిలో ఒక రాత్రి రెండు గంటల వేళ హైదరాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో ఈ ప్రశ్న వేశారు. మా చిన్నమ్మకు మెదడులో నరం చిట్లింది. మహబూబ్‌నగర్ నుంచి అంబులెన్సులో ఆమె తల తన ఒడిలో పెట్టుకుని వచ్చిన మనిషిని కౌంటరులోని అబ్బాయి అడిగాడు: "మీరు పేషెంటుకు ఏమవుతారు?" ఆవిడ "స్నేహితురాలిని" అన్నారు. ఫారంలో బంధుత్వం అన్న గడిలోనూ అదే మాట రాశారు. ఆ అబ్బాయి దాని మీద అడ్డంగా గీత కొట్టి, "రక్తసంబంధీకులు ఎవరైనా ఉంటే పిలిపించండి, ఆపరేషనుకు సంతకం కావాలి" అన్నాడు.

అచ్చంపేటలో ఉన్న మా పెద్ద మామయ్య ఫోను ఎత్తి, కారు మాట్లాడుకుని, వచ్చి సంతకం పెట్టేసరికి తెల్లవారింది. ఆ ఆలస్యం వల్లే చిన్నమ్మ పోయిందని నేను అనను. డాక్టర్లెవరూ అలా చెప్పలేదు. మూడో రోజు పోయింది. ఆ మూడు రోజులూ ఐసీయూలోకి వెళ్ళి చూసి రావడానికి ఇచ్చే పాసు మామయ్య జేబులో ఉండేది. ఆయన దయతలచి మధ్యాహ్నం పూట ఆవిడకు ఇచ్చేవారు. 23 ఏళ్ళు ఒకే కప్పు కింద బతికిన మనిషి మంచం పక్కన పావుగంట నిలబడడానికి ఆవిడకు ఇంకొకరి దయ కావలసి వచ్చింది.

నేను నల్లగొండ జిల్లా కోర్టులో సివిల్ కేసులు చూసే న్యాయవాదిని. పంపకాలు, వీలునామాలు, వారసత్వపు తగాదాలు నా రోజువారీ పని. ఇద్దరు ఆడవాళ్ళో ఇద్దరు మగవాళ్ళో జంటగా బతికితే చట్టం వాళ్ళకు ఏమివ్వాలన్న మాట వచ్చినప్పుడల్లా, మంచి మనసున్న తోటి వకీళ్ళే ఒక సలహా చెబుతారు. "పెళ్లి అన్న మాట ఎందుకమ్మా, జనానికి గుచ్చుకుంటుంది. భాగస్వామ్యం అని ఒక రిజిస్ట్రేషను పెట్టి, అవసరమైన హక్కులు నాలుగు ఇస్తే సరిపోదా?" సరిపోదు. ఎందుకు సరిపోదో నేను చట్టపుస్తకంలో కన్నా మా ఇంట్లోనే ఎక్కువ నేర్చుకున్నాను.

మన వైపు బంధుత్వం లేని పిలుపు ఉండదు. బస్సులో పక్క సీటులో కూర్చున్న ముసలావిడ దిగేలోపు పెద్దమ్మ అయిపోతుంది. పాలు పోసే ఆయన బాబాయి, కూరగాయలమ్మే ఆవిడ అక్క. అలాంటిది చిన్నమ్మతో అన్నేళ్ళున్న ఆ మనిషిని మా ఇంట్లో ఎవరూ వరస పెట్టి పిలవలేదు. బడిలో సైన్సు చెప్పేవారు కాబట్టి అందరికీ ఆవిడ "సైన్సు మేడమ్". చిన్నమ్మది తెలుగు. ఇద్దరూ 1996లో పాలమూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాలకు బదిలీ మీద వచ్చి ఒకే గదిలో అద్దెకు దిగారు. నేను లా చదువుతున్న రోజుల్లో ఒక ఆదివారం వాళ్ళింటికి వెళితే, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ తలెత్తకుండానే చిన్నమ్మ అంది: "మేమిద్దరం ఏమిటో నీకు తెలుసనుకుంటాను. తెలియకపోతే ఇప్పుడు తెలుసుకో." మేడమ్ గారు వంటింట్లోంచి కాఫీ తెచ్చి నా చేతికిచ్చి, ఏమీ మాట్లాడకుండా చిన్నమ్మ పక్కన కూర్చుని తనూ ఒక గుప్పెడు కాయలు తీసుకున్నారు. అంతకు మించి వివరణ లేదు. అక్కరలేకపోయింది కూడా.

2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగింది గుర్తుందా? రాష్ట్రమంతా బస్సులు కిక్కిరిసి, ఎక్కడెక్కడి జనమో సొంతూళ్ళకు చేరిన రోజు. టీచర్లనే ఎన్యూమరేటర్లుగా వేశారు. చిన్నమ్మ ఆ రోజంతా ఒక వాడలో ఇల్లిల్లూ తిరిగి, "ఇంటి యజమాని ఎవరు, ఈయన మీకు ఏమవుతారు, ఈమె ఏమవుతారు" అని అడిగి రాసుకుంది. సాయంత్రం తన ఇంటికి వస్తే, వాళ్ళింటికి వచ్చిన ఎన్యూమరేటరు రెండు ఫారాలు నింపి వెళ్ళాడు. ఒకే పొయ్యి, ఒకే గ్యాసు బండ, రెండు కుటుంబాలు. ఒక్కో కుటుంబంలో ఒక్కో మనిషి. ఆ సంగతి చెబుతూ చిన్నమ్మ చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

ఇక ఇంటి విషయం. 2003లో ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నారు. బ్యాంకు రుణం చిన్నమ్మ పేరు మీద తీసుకున్నారు కాబట్టి రిజిస్ట్రేషనూ ఆమె పేరు మీదే అయింది. ప్రతి నెలా మేడమ్ గారు వాయిదాలో సగం ఇచ్చేవారు. చిన్నమ్మ ఒక పొడవాటి నోటుబుక్కులో నెల పేరు రాసి, పక్కన "ఇల్లు, సగం ముట్టింది" అని రాసి పొట్టి సంతకం పెట్టేది. పన్నెండేళ్ళ నెలలు, ఒక్కటి కూడా తప్పలేదు. ఆమె పోయాక ఆ నోటుబుక్కు నా ముందు పెట్టి మేడమ్ గారు, "ఇది పనికొస్తుందా?" అని అడిగారు.

పనికిరాలేదు. పనికిరాకపోగా దాన్ని బయట పెట్టడమే ప్రమాదం. ఒకరి డబ్బుతో ఇంకొకరి పేరు మీద ఆస్తి కొంటే బినామీ చట్టం అడ్డొస్తుంది. భర్త తన సంపాదనతో భార్య పేరు మీద కొంటే మాత్రం బినామీ కాదని ఆ చట్టమే మినహాయింపు ఇచ్చింది. వీళ్ళకు ఆ మినహాయింపు లేదు. భార్యాభర్తలైతే ప్రేమగా కనిపించే ఆ నోటుబుక్కు, వీళ్ళ చేతిలో నేరానికి ఆధారంగా కనిపిస్తుంది. ఆ మాట ఆవిడ ముఖం మీద చెప్పవలసి వచ్చింది. నా వృత్తిలో అంత కష్టమైన మాట నేను ఇంకెవరికీ చెప్పలేదు.

చిన్నమ్మ వీలునామా రాయలేదు. 57 ఏళ్ళ మనిషి, ఉద్యోగంలో ఉంది, ఆరోగ్యంగా ఉంది, రేపు రాద్దామనుకుంది. వీలునామా లేకుండా హిందూ స్త్రీ చనిపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ వరుస చెబుతుంది. ముందు భర్తా పిల్లలూ. లేకపోతే భర్త తరఫు వారసులు. ఆ తర్వాత తల్లిదండ్రులు. వాళ్ళూ లేకపోతే తండ్రి వారసులు, చివరికి తల్లి వారసులు. చిన్నమ్మ ఎన్నడూ చూడని దూరపు బంధువుకైనా ఆ వరుసలో ఎక్కడో ఒకచోట జాగా దొరుకుతుంది. పొద్దున్నే ఆమెకు టీ కలిపి ఇచ్చిన మనిషికి దొరకదు. అమ్మమ్మ, తాతయ్య అప్పటికే లేరు. కాబట్టి ఇల్లు తాతయ్య వారసులకు, అంటే మా ఇద్దరు మామయ్యలకూ మా అమ్మకూ వచ్చింది. అవును, మా అమ్మకు కూడా.

మామయ్యలు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళు అన్న మాట ఒక్కటే: "మేమెవరిదీ లాక్కోవడం లేదు, చట్టం ఇచ్చింది తీసుకుంటున్నాం." నిజమే, చట్టమే ఇచ్చింది. మా అమ్మ తన మూడో వంతు మేడమ్ గారికి ఇచ్చేస్తానంది. తోటి వారసులకైతే హక్కు విడుదల పత్రం రాసి ఊరుకోవచ్చు. మేడమ్ గారు వారసురాలు కారు కనుక దానపత్రం రాయాలి. కుటుంబ సభ్యుల మధ్య దానానికి స్టాంపు డ్యూటీలో తగ్గింపు ఉంది, బయటివారికి లేదు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో కంప్యూటరు ముందున్న ఆయన మా అమ్మను అడిగారు: "ఈవిడ మీకు ఏమవుతారు?" అమ్మ ఒక్క క్షణం ఆగి, "మా చెల్లెలితో 23 ఏళ్ళు కాపురం చేసింది. ఇంకేమవుతుంది?" అంది. ఆయన నా వైపు చూశారు. నేను "బయటివారే, పూర్తి డ్యూటీ కడతాం" అన్నాను. అంతటితో అయిపోలేదు. బంధువు కాని మనిషి నుంచి స్థిరాస్తి ఉచితంగా వస్తే, స్టాంపు విలువ 50,000 రూపాయలు దాటినప్పుడు అది పుచ్చుకున్నవారి ఆదాయం కింద లెక్క. దాని మీద ఆదాయపు పన్ను పడుతుంది. మిగిలిన రెండు వాటాలు మేడమ్ గారు 2020లో తన పదవీ విరమణ సొమ్ముతో కొనుక్కున్నారు. తాను సగం కట్టిన ఇంటిని తానే మళ్ళీ కొన్నారు.

కుటుంబ పింఛను సంగతి చెప్పనే లేదు. ప్రభుత్వ టీచరు పోతే భర్తకో భార్యకో పింఛను వస్తుంది. చిన్నమ్మ విషయంలో ఆ పింఛను ఎవరికీ రాలేదు.

ఇదంతా నడుస్తున్న రోజుల్లోనే నేను అమెరికాలోని ఎడిత్ విండ్సర్ కేసు మళ్ళీ తీసి చదివాను. న్యూయార్క్‌లో ఆమె, థియా స్పైయర్ నలభై ఏళ్ళకు పైగా కలిసి బతికారు. 2007లో కెనడా వెళ్ళి పెళ్లి చేసుకున్నారు. 2009లో స్పైయర్ పోయారు. ఆ పెళ్లిని అమెరికా కేంద్ర ప్రభుత్వం గుర్తించకపోవడంతో, భార్య ఆస్తి భార్యకు వచ్చినందుకు విండ్సర్ చేత 3,63,053 డాలర్ల పన్ను కట్టించారు. ఆమె మగవాణ్ణి పెళ్లాడి ఉంటే ఒక్క డాలరు కట్టనక్కరలేదు. 2013 జూన్ 26న అక్కడి సుప్రీంకోర్టు ఆమె పక్షాన తీర్పు చెప్పింది. న్యూయార్క్ ఎక్కడ, పాలమూరు ఎక్కడ! అయినా ఇద్దరు వృద్ధురాళ్ళకు వచ్చిన కష్టం ఒకటే. చట్టం ఇద్దరినీ పరాయివాళ్ళని చేసి, పరాయివాళ్ళ పన్ను వసూలు చేసింది.

భాగస్వామ్యం చాలదా అనే మిత్రులకు నేను అమెరికా చరిత్రే చూపిస్తాను. ఎందుకంటే వాళ్ళు చెప్పే మందు అక్కడ ఇప్పటికే వాడి చూశారు. డొమెస్టిక్ పార్ట్‌నర్‌షిప్ అనే ఏర్పాటు 1984లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరంలో మొదలైంది. నగర ఉద్యోగుల జతగాళ్ళకు కొన్ని సదుపాయాలు ఇవ్వడం దాని ఉద్దేశం. 1999లో కాలిఫోర్నియా రాష్ట్రమంతటికీ ఒక రిజిస్టరు పెట్టారు. మొదట్లో అది ఇచ్చినవి ఆసుపత్రిలో చూడడానికి వెళ్ళే హక్కు, ప్రభుత్వోద్యోగుల జతగాళ్ళకు ఆరోగ్య బీమా వంటివి మాత్రమే. ఏటా ఒక్కో సవరణ, ఒక్కో హక్కు. చివరికి 2005 జనవరి 1 నుంచి రాష్ట్ర చట్టంలో భార్యాభర్తలకున్న హక్కులు దాదాపు అన్నీ ఇచ్చారు. అప్పుడైనా సమానమైందా? కాలేదు. రాష్ట్రం ఇవ్వగలిగింది రాష్ట్రం చేతిలో ఉన్నదే. కేంద్ర పన్నులు, సామాజిక భద్రత పింఛను, వలస చట్టం వాషింగ్టన్ చేతిలో ఉన్నాయి. అక్కడ భార్య, భర్త అన్న మాటలు తప్ప పార్ట్‌నర్ అన్న మాట చెల్లదు. యజమాని ఇచ్చిన ఆరోగ్య బీమా భార్యకు వర్తిస్తే పన్ను లేదు. పన్ను లెక్కలో ఆధారపడిన మనిషి కాని పార్ట్‌నర్‌కు వర్తిస్తే ఆ బీమా విలువను ఉద్యోగి ఆదాయంలో కలిపి పన్ను వేస్తారు. రాష్ట్రం సరిహద్దు దాటితే ఆ రిజిస్ట్రేషనుకు విలువ ఉంటుందో లేదో చెప్పలేం. 2015 జూన్ 26న దేశమంతటా పెళ్లి హక్కు వచ్చాక కూడా, పార్ట్‌నర్‌షిప్ దగ్గరే ఆగిపోయిన జంటలకు ఈ తేడాలు అలాగే ఉన్నాయి.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. ఏడాది కిందట మిర్యాలగూడ వైపు నుంచి ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. వరి మిల్లు లెక్కలు రాసి, కొడుకును చదివించి అమెరికా పంపిన మనిషి. కొడుకు అక్కడ ఇంకొక అబ్బాయితో ఉంటున్నాడు. ఆయన ఆ విషయం చెప్పడానికే అరగంట పట్టింది. నీళ్ళు రెండుసార్లు తాగారు. చివరికి అడిగిన ప్రశ్న నేను ఊహించనిది: "అమ్మా, వాళ్ళు అక్కడ రిజిస్టరు ఏదో చేసుకుంటాం, పెళ్లి అక్కరలేదు అంటున్నారు. రెండోవాడి వీసా అయిపోతుందట. ఏది చేసుకుంటే వాళ్ళిద్దరూ ఒకచోట ఉండగలరు?"

పెళ్లి చేసుకోమనండి, అని చెప్పాను. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవారి భార్యకో భర్తకో హెచ్-4 వీసా వస్తుంది, డొమెస్టిక్ పార్ట్‌నర్‌కు రాదు. గ్రీన్ కార్డుకు తన వెంట చేర్చుకోగలిగేదీ భార్యనో భర్తనో గాని, రిజిస్టరులో ఉన్న జతగాణ్ణి కాదు. ఆయన తల పంకించి, "మరి ఇక్కడికి వస్తే?" అన్నారు. ఇక్కడికి వస్తే రెండూ ఒకటే, రెండూ చెల్లవు అని చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. లేచి వెళుతూ, "అక్కడ చెల్లుతుంది కదా, అదే పదివేలు" అన్నారు. చదువుకున్న మా వకీళ్ళ నోటి నుంచి రాని మాట ఆ పెద్దాయన నోట వచ్చింది. ఏది చేస్తే వాళ్ళు కలిసి ఉంటారన్నదే ఆయనకు కావాలి. పేరు ఎవరికి గుచ్చుకుంటుందన్న ఆలోచనే ఆయనకు లేదు.

ఇక్కడ ఎందుకు చెల్లదో కొంచెం చెప్పాలి. 2018 సెప్టెంబరు 6న మన సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన శిక్షాస్మృతి 377వ సెక్షన్ పరిధి నుంచి పెద్దల ఇష్టపూర్వక సంబంధాలను తొలగించింది. అంటే నేరం కాదంది. నేరం కాకపోవడం ఒకటి, హక్కు ఉండడం ఇంకొకటి. ఆ తేడా తేలింది 2023 అక్టోబరు 17న. హైదరాబాద్‌లో ఉంటున్న సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ పేర్లతో మొదలైన, స్వలింగ జంటలకు పెళ్లి హక్కు కోరిన పిటిషన్లలో ఐదుగురు న్యాయమూర్తులూ పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్నారు. ప్రత్యేక వివాహ చట్టాన్ని కోర్టు తిరగరాయలేదన్నారు. పెళ్లి కాకపోయినా ఆ కలయికను రాజ్యం గుర్తించాలా అన్న దగ్గర చీలిపోయారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ గుర్తించాలన్నారు. జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ నరసింహ అది శాసనసభల పని అన్నారు. మూడుకు రెండు. అంటే మా మిత్రులు ఉదారంగా ఇవ్వజూపే ఆ భాగస్వామ్యం కూడా ఈ దేశంలో లేదు. 2025 జనవరి 9న రివ్యూ పిటిషన్లనూ కొట్టివేశారు. ఆడ, మగ జంటగా ఉండే ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ఉన్న చట్టాల కిందే పెళ్లి చేసుకోవచ్చని మాత్రం ఐదుగురూ అన్నారు. ఉత్తరాఖండ్ ఉమ్మడి పౌరస్మృతి సహజీవనాన్ని రిజిస్టరు చేయమంటుంది గాని, అక్కడా ఒక మగ, ఒక ఆడ ఉండాలి.

కోర్టు ఆదేశం మీద కేంద్రం కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. 2024లో కొన్ని ఉత్తరువులు వచ్చాయి. రేషన్ కార్డు విషయంలో అలాంటి జంటను ఒకే ఇంటివారిగా చూడాలన్నారు. ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవవచ్చు, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చు అన్నారు. దగ్గరి బంధువులు అందుబాటులో లేనప్పుడు భాగస్వామి మృతదేహాన్ని తీసుకోవచ్చని ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు రాసింది. ఇవి రావడం మంచిదే, నేను కాదనను. కానీ ఆ చివరి దాన్ని ఇంకోసారి చదవండి. బంధువులు అందుబాటులో లేనప్పుడు. మా మామయ్య అందుబాటులోనే ఉన్నారు. ఆ ఉత్తరం 2019లోనే వచ్చి ఉన్నా, చిన్నమ్మను మామయ్యే తీసుకొచ్చేవారు. మేడమ్ గారు అప్పుడు వచ్చినట్టే వెనక బండిలో వచ్చేవారు.

ఇక్కడే ఉంది అసలు తేడా. భాగస్వామ్యం ఒక జాబితా. అందులో రాసినంతే ఉంటుంది, రాయనిది లేదు. పెళ్లి జాబితా కాదు. దంపతులకు ఫలానా హక్కు ఉందని ఎవరూ ఒకచోట కూర్చుని రాయలేదు. వందేళ్ళుగా ప్రతి చట్టంలో, ప్రతి నియమావళిలో, ప్రతి ఫారంలో "భార్య", "భర్త" అన్న మాటలు చల్లి ఉన్నాయి. మూత్రపిండం ఇవ్వాలంటే 1994 నాటి అవయవ మార్పిడి చట్టంలో భార్యాభర్తలు దగ్గరి బంధువులు. జతగాడైతే అనుమతి కమిటీ ముందు నిలబడి, డబ్బు తీసుకోవడం లేదని నమ్మించాలి. బీమాలో 2015 సవరణ తరువాత తల్లిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు నామినీలైతే సొమ్ము వాళ్ళదే అవుతుంది. ఇంకెవరైనా నామినీ అయితే వట్టి ధర్మకర్త. సొమ్ము తీసుకుని వారసుల చేతిలో పెట్టాలి. నామినీ యజమాని కాదని సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది. భవిష్య నిధి పథకంలో కుటుంబం ఉన్న ఉద్యోగి కుటుంబం బయటి మనిషిని నామినీగా రాస్తే ఆ నామినేషనే చెల్లదు. ఆధారపడిన తల్లిదండ్రులుంటే చాలు, కుటుంబం ఉన్నట్టే. జంటగా దత్తత కావాలంటే రెండేళ్ళ స్థిరమైన వైవాహిక జీవితం చూపాలి. కోర్టులో సాక్ష్యం చెప్పేటప్పుడు భార్యాభర్తల మధ్య మాటలకు రక్షణ ఉంది, వీళ్ళ మాటలకు లేదు. విడిపోతే భరణం అడగడానికి కూడా ముందు పెళ్లో, పెళ్లిలాంటిదని చట్టం ఒప్పుకునే సంబంధమో ఉండాలి. ఇరవై ఏళ్ళు ఇల్లు చూసుకున్న మనిషిని ఒక రోజు బయటికి పంపితే, ఆ మనిషికి ఏ కోర్టు మెట్లెక్కాలో నేను చెప్పలేను.

వీటన్నిటికీ కాగితాలు రాసుకోవచ్చు కదా అంటారు. నేను రాస్తాను, అదే నా పని. కానీ ఒక్కో కాగితం ఎక్కడ ఆగిపోతుందో కూడా నాకు తెలుసు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, రాసిచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోయినా చనిపోయినా రద్దవుతుంది. అంటే సరిగ్గా అవసరమైన రోజునే చచ్చిపోతుంది. వీలునామా మనిషి పోయాక గాని నోరు విప్పదు. విప్పాకైనా, సొంత అన్నదమ్ములను కాదని "బయటి మనిషికి" ఎందుకు రాశారని కోర్టు అనుమానంగా చూస్తుంది. సహజ వారసులను తప్పించడం వీలునామా కేసుల్లో అనుమానించదగ్గ పరిస్థితుల్లో ఒకటి. భార్యకు రాసిన వీలునామాను ఎవరూ ఆ కళ్ళతో చూడరు. పైగా ఈ కాగితాలు రాయించుకోవడానికి వకీలు కావాలి, డబ్బు కావాలి, తమ సంగతి విప్పి చెప్పే ధైర్యం కావాలి. ముంబైకీ పుణేకీ మేస్త్రీ వెంట వలస పోయే పాలమూరు కూలీల్లో ఇలాంటి జంట ఉంటే, వాళ్ళకు ఎవరు రాసిపెడతారు?

పెళ్లే వద్దనే మిత్రులు కూడా నాకున్నారు. వాళ్ళ మాటను నేను తేలిగ్గా తీసుకోను. "కట్నాలు, కులం, కొట్లాటలు చూస్తూ చూస్తూ ఆ సంకెల మనమెందుకు అడగాలి?" అంటారు. మా జిల్లాలో ఉండి ఆ మాట కాదనడం కష్టం. 377 తీర్పు వచ్చిన ఎనిమిది రోజులకే, 2018 సెప్టెంబరు 14న, మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ణి గర్భవతి అయిన భార్య కళ్ళెదుటే నరికి చంపారు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఆ కేసులో ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. పెళ్లి ఆ కుర్రవాణ్ణి కాపాడలేదు. ఒప్పుకుంటాను. కానీ ఆ తరువాత ఆ అమ్మాయిని, చట్టం పేరుతో, "నువ్వు అతనికి ఏమవుతావు" అని అడగగలిగినవాడు ఎవడూ లేడు. చంపినవాళ్ళు కాదనుకున్నదాన్ని చట్టం కాదనలేదు. నేను అడిగేది ఆ ఒక్క బలం. అది వద్దనుకునేవారికి భాగస్వామ్యం పెట్టండి, ఎవరు కాదన్నారు? ఫ్రాన్స్‌లో 1999లో స్వలింగ జంటలను దృష్టిలో పెట్టుకుని పాక్స్ అనే ఒప్పందం తెచ్చారు. 2013లో పెళ్లి హక్కు వచ్చాక కూడా దాన్ని తీసెయ్యలేదు. ఇవాళ దాన్ని ఎక్కువగా వాడుకునేది ఆడ, మగ జంటలే. ఎంచుకుని పుచ్చుకున్న భాగస్వామ్యం వేరు, నీకింతే అని విసిరిన భాగస్వామ్యం వేరు.

2025 మే నెలలో మద్రాసు హైకోర్టు, కుటుంబం ఏర్పడడానికి పెళ్లి ఒక్కటే దారి కాదని, ఎంచుకున్న కుటుంబాన్ని కూడా గుర్తించాలని చెప్పింది. చదివినప్పుడు సంతోషించాను. ఇంటివాళ్ళు నిర్బంధించిన ఒక అమ్మాయి ఆ తీర్పుతో బయటపడింది. అయితే ఆ తీర్పు పట్టుకుని పాలమూరులో ఒక బ్యాంకు మేనేజరు దగ్గరికి వెళితే ఆయన ఏమంటాడో నాకు తెలుసు.

కాబట్టి పెళ్లి వచ్చేదాకా ఉన్న పనిముట్లతోనే పని. నా దగ్గరికి వచ్చే జంటలకు ఇల్లు ఇద్దరి పేరు మీదా కొనమని, ఎవరెంత కట్టారో దస్తావేజులోనే రాయించమని చెబుతాను. వీలునామా ఇద్దరు సాక్షులతో రాసి, చట్టం అడగకపోయినా రిజిస్టరు చేయించమంటాను. మాట పడిపోయే స్థితి వస్తే చికిత్స గురించి ఎవరితో మాట్లాడాలో ముందుగానే రాసిపెట్టే పత్రానికి 2018లో సుప్రీంకోర్టు దారి చూపి, 2023లో సులభం చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ చాలు. ఇంకొకటి నాకు ఇష్టమైనది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 14వ సెక్షన్ ప్రకారం, తన మనసు తన వశంలో లేని రోజు వస్తే తన తరఫున ఎవరు నిలబడాలో ఎవరైనా తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టవచ్చు. స్టాంపు అక్కరలేదు. బంధువై ఉండాలని లేదు.

మేడమ్ గారికి ఇప్పుడు 63 ఏళ్ళు. పోయిన నెల మహబూబ్‌నగర్ నుంచి బస్సులో నల్లగొండ వచ్చారు. వీలునామా సంగతి ఇంకా ఆలోచించుకోవాలన్నారు. ఈ తెల్లకాగితం మాత్రం ఇప్పుడే రాసేస్తానన్నారు. ఎవరి పేరు రాయమంటారని అడిగితే మా అమ్మ పేరు చెప్పారు. అమ్మ పక్క కుర్చీలోనే ఉంది. నేను చిత్తు రాసిచ్చాను. ఆవిడ తన గుండ్రటి అక్షరాలతో, బోర్డు మీద రాసినంత నిదానంగా, సాపు రాసుకున్నారు. ఇందులో బంధుత్వం రాయనక్కరలేదు మేడమ్, చట్టం అడగదు, అని చెప్పాను. విన్నారు. సంతకం పెట్టబోయి ఆగి, కలం వెనక్కి తీసుకెళ్ళి, మా అమ్మ పేరు పక్కన కాస్త జాగా చూసుకుని "మా వదిన" అని రాశారు.